కిర్గిజ్‌స్తాన్ ఎలాంటి దేశం? పిల్లల్ని చదువుకి పంపేముందు తెలుసుకోవాల్సిన సంగతులు

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: అమ్మాయికి బిష్కెక్‌లో మెడిసిన్ సీటు ఇప్పిస్తామని ఏజెంటు అంటున్నారు. కాలేజీ, ఫీజుల సంగతి మీరు విడిగా కనుక్కుంటున్నారు. కానీ అసలు ఆ దేశం ఎక్కడుందో, మనుషులు ఎలాంటివాళ్లో ఎవరూ చెప్పడం లేదు. పేరు చివర ‘స్తాన్’ అని ఉందని ఇంట్లో పెద్దవాళ్లకి టెన్షన్. మందుల వ్యాపారం పనిమీద నేను కొన్నేళ్లు బిష్కెక్‌లో ఉన్నాను, దక్షిణాన ఓష్ దాకా రోడ్డు మీద తిరిగాను. అందుకని కాలేజీల జోలికి పెద్దగా పోకుండా దేశం గురించే చెప్తాను.

ముందు పెద్దవాళ్ల భయం సంగతి. కిర్గిజ్‌స్తాన్‌కి అఫ్ఘానిస్తాన్‌తో సరిహద్దే లేదు, మధ్యలో తజికిస్తాన్ ఉంది. 1991 ఆగస్టు 31న స్వతంత్రం ప్రకటించుకునే దాకా ఇది సోవియట్ యూనియన్‌లో ఒక రిపబ్లిక్. జనంలో దాదాపు 90 శాతం సున్నీ ముస్లింలే అయినా రాజ్యాంగం ప్రకారం లౌకిక దేశం. బిష్కెక్ వీధుల్లో జీన్స్ వేసుకున్న అమ్మాయిలూ కనిపిస్తారు, హిజాబ్ వేసుకున్నవాళ్లూ కనిపిస్తారు. కిరాణా కొట్లో వోడ్కా సీసాలు మామూలే. మతాచారం మునుపటికన్నా పెరుగుతున్న మాట నిజమే. అయితే ప్రభుత్వం దానికి కళ్లెం వేయాలని చూస్తోంది. బహిరంగ ప్రదేశాల్లో ముఖం పూర్తిగా కప్పుకోవడాన్ని 2025 జనవరిలో చట్టం చేసి నిషేధించారు.

ఇక ఎక్కడుందంటే, మ్యాప్‌లో దిల్లీ నుంచి నేరుగా పైకి వేలు జరపండి. కశ్మీర్, కారకోరం, చైనా వాళ్ల షిన్‌జియాంగ్ దాటాక తియాన్‌షాన్ పర్వతాలు తగులుతాయి. దేశంలో నూటికి 90 వంతులు కొండలే. ఉత్తరాన కజకిస్తాన్, పడమట ఉజ్బెకిస్తాన్, నైరుతిన తజికిస్తాన్, తూర్పున చైనా. సముద్రం లేదు. విస్తీర్ణం సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కన్నా పెద్దది, ఉమ్మడి రాష్ట్రం కన్నా చిన్నది. అంత జాగాలో ఉండే జనం 70 లక్షల పైచిలుకే. గడియారం మనకన్నా అరగంట ముందుంటుంది కాబట్టి ఫోన్లు చేసుకోవడానికి ఇబ్బంది ఉండదు.

నా లెక్కన ఆ దేశం అర్థం కావాలంటే రెండు విషయాలు పట్టుకోవాలి: కొండలు, నీళ్లు. రాజకీయాలూ, కరెంటు కోతలూ, వలసలూ అన్నీ అక్కడినుంచే వస్తాయి.

కొండలు దేశాన్ని రెండు ముక్కలు చేశాయి. ఉత్తరాన చుయ్ లోయ, అందులో రాజధాని బిష్కెక్. దక్షిణాన ఫర్గానా లోయ అంచు, అక్కడ ఓష్, జలాలాబాద్. (అఫ్ఘాన్ జలాలాబాద్ వేరు. టికెట్ బుక్ చేసేటప్పుడు జాగ్రత్త.) రెండిటి మధ్య ఆరు వందల కిలోమీటర్ల పైచిలుకు రోడ్డు, దారిలో మూడు వేల మీటర్లకు పైబడిన కనుమలు. కారులో పది, పన్నెండు గంటలు పడుతుంది. చలికాలంలో మంచు చరియలు విరిగిపడితే అసలు ఎప్పటికి చేరతామో చెప్పలేం. జేబు అనుమతిస్తే విమానం ఎక్కడం మేలు, కానీ వేసవిలో ఒకసారైనా ఆ రోడ్డు మీద వెళ్లి తీరాలి. తోక్తొగుల్ రిజర్వాయరు పచ్చటి నీళ్లు, రోడ్డు పక్కన తేనె అమ్మే ముసలమ్మలు, లారీలను ఆపేసి రోడ్డు దాటే గొర్రెల మందలు, అన్నీ ఆ దారిలోనే.

ఉత్తరంలో రష్యన్ ప్రభావం ఎక్కువ. బిష్కెక్‌లో రష్యన్ వస్తే పని జరిగిపోతుంది. దక్షిణంలో ఉజ్బెకులు ఎక్కువ, వ్యవసాయం ఎక్కువ, మతాచారం కూడా ఎక్కువే. దేశం మొత్తం మీద కిర్గిజ్‌లు నాలుగింట మూడొంతులకు పైగా, ఉజ్బెకులు 14 శాతం దాకా, రష్యన్లు బాగా తగ్గి నాలుగైదు శాతానికి వచ్చారు. 2010 జూన్‌లో ఓష్, జలాలాబాద్‌లలో కిర్గిజ్‌లకీ ఉజ్బెకులకీ మధ్య జరిగిన ఘర్షణల్లో 400 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది ఉజ్బెకులు. ఇప్పుడు పైకి అంతా సర్దుకున్నట్టే ఉంటుంది. కానీ ఓష్‌లో ఎవరితోనూ ఆ విషయం మీరుగా కదపకండి.

రాజకీయాల్లోనూ ఈ ఉత్తర దక్షిణాల లెక్క నడుస్తుంది. మొదటి అధ్యక్షుడు అస్కర్ అకాయెవ్ ఉత్తరం మనిషి. 2005 మార్చిలో జనం తిరగబడితే దేశం వదిలి పారిపోయాడు. తర్వాత వచ్చిన దక్షిణాది నాయకుడు కుర్మాన్‌బెక్ బకియెవ్‌కి 2010 ఏప్రిల్‌లో అదే గతి పట్టింది, ఈసారి కాల్పుల్లో పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. తాత్కాలికంగా పగ్గాలు పట్టిన రోజా ఒతున్‌బయెవా మధ్య ఆసియా మొత్తంలో దేశాధ్యక్షురాలైన మొదటి మహిళ. ఎన్నికలయ్యాక 2011లో పదవి శాంతియుతంగా అప్పగించి తప్పుకున్నది కూడా ఆమే. 2020 అక్టోబరులో ఎన్నికల ఫలితాల మీద గొడవ చెలరేగి మూడోసారి ప్రభుత్వం పడిపోయింది, జైల్లో ఉన్న సదిర్ జపారోవ్ బయటికి వచ్చి వారాల్లో దేశాధినేత అయ్యాడు. చుట్టుపక్కల దేశాల్లో ఒకే నాయకుడు దశాబ్దాలు కూర్చున్న రోజుల్లో ఇక్కడ మాత్రం ముగ్గుర్ని దింపేశారు. ఒకప్పుడు దీన్ని మధ్య ఆసియాలో ప్రజాస్వామ్య దీవి అని పొగిడేవారు. 2021 రాజ్యాంగం అధికారాన్ని అధ్యక్షుడి చేతిలో పెట్టేశాక, పత్రికల మీద కేసులు పెరిగాక ఆ పొగడ్త వినబడటం తగ్గింది.

ఇప్పుడు నీళ్ల కథ. నరీన్ నది ఈ కొండల్లో పుట్టి, ఫర్గానా లోయలో కారా దర్యాతో కలిసి సిర్ దర్యా అవుతుంది. దాని మీద సోవియట్ కాలంలో, 1970లలో తోక్తొగుల్ డ్యామ్ కట్టారు. నిల్వ సామర్థ్యం 19.5 బిలియన్ ఘనపు మీటర్లు, మన లెక్కలో చెప్పాలంటే 690 టీఎంసీల దాకా. దేశంలో కరెంటు దాదాపు 90 శాతం జలవిద్యుత్తే, అందులో పెద్ద వాటా ఈ ఒక్క డ్యామ్‌దే. శ్రీశైలంలో నీళ్లు కరెంటు కోసం వదలాలా, సాగుకి దాచాలా అని రెండు రాష్ట్రాలు తగువు పడటం మనకు తెలిసిందే. అక్కడ అదే తగువు దేశాల మధ్య. మాస్కో పెత్తనం ఉన్నప్పుడు ఏర్పాటు తేలిగ్గా నడిచేది: వేసవిలో కింద ఉజ్బెకిస్తాన్, కజకిస్తాన్ పత్తి పొలాలకు నీళ్లు వదలాలి, బదులుగా చలికాలంలో వాళ్లు బొగ్గు, గ్యాస్ ఇవ్వాలి. యూనియన్ విడిపోయాక గ్యాస్‌కి మార్కెట్ ధర కట్టమన్నారు. కట్టలేక కిర్గిజ్‌లు చలికాలంలోనే నీళ్లు వదిలి కరెంటు తీసుకోవడం మొదలుపెట్టారు. కిందివాళ్లకి చలికాలంలో వరద, వేసవిలో కరువు. ఇప్పుడు ముగ్గురూ కలిసి ఎగువన కంబర్ అతా-1 అనే ఇంకో పెద్ద ప్రాజెక్టు కట్టాలనుకునే దాకా వచ్చారు, నా దృష్టిలో ఈ ప్రాంతంలో ఇటీవల జరిగిన మంచి మార్పుల్లో ఇదొకటి. మీ అమ్మాయికి దీంతో పనేంటంటే, నీళ్లు తగ్గిన ఏడాది చలికాలంలో కరెంటు పొదుపు చేయమంటారు, ఒక్కోసారి కోతలు పెడతారు. రూములో హీటరు ఉంది కదా అన్న ధీమా కుదరదు.

బిష్కెక్‌లో ఇళ్లకి వేడి మాత్రం ఊరి థర్మల్ కేంద్రం నుంచి గొట్టాల్లో వేడినీళ్లుగా వస్తుంది. 2018 జనవరిలో అది చెడిపోయినప్పుడు బయట మైనస్ 20కి దిగువన చలి, లోపల రేడియేటర్లు చల్లగా! అలాంటిది మళ్లీ మళ్లీ జరగదు, కానీ ఊరు దేని మీద ఆధారపడి బతుకుతోందో తెలుస్తుంది. ఆ గొట్టాలు చేరని శివారు ఇళ్లలో బొగ్గు కాలుస్తారు. దాంతో డిసెంబరు, జనవరిలో ఊరంతా పొగ. ప్రపంచంలో గాలి బాగా పాడైన నగరాల పట్టికలో ఆ నెలల్లో బిష్కెక్ తరచూ పైన కనిపిస్తుంది. ఆస్తమా ఉన్న పిల్లలైతే ఇది మామూలు విషయం కాదు, ఏజెంట్లు చెప్పరు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మాత్రం అదే ఊరు చెట్ల నీడలో హాయిగా ఉంటుంది, దక్షిణంగా చూస్తే ఇళ్ల పైనుంచి మంచు కొండలు.

చరిత్రలోకి వెళ్తే చాలా ఉంది, నాకు నచ్చిన రెండు మూడు ముక్కలే చెప్తాను. బిష్కెక్‌కి తూర్పున తోక్మోక్ దగ్గర అక్ బెషీమ్ అనే చోట సుయాబ్ అనే పాత పట్నం శిథిలాలు ఉన్నాయి. 630 ప్రాంతంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ మంచు కనుమలు దాటి, తోటివాళ్లలో చాలామందిని దారిలోనే పోగొట్టుకుని, ఇస్సిక్ కుల్ సరస్సు ఒడ్డునే నడిచి అక్కడికి చేరాడు. పశ్చిమ తురుష్కుల ఖాన్ అతనికి ఆతిథ్యం ఇచ్చి పంపాడు. కొన్నేళ్ల తర్వాత మన కృష్ణా తీరాన ధాన్యకటకానికి వచ్చింది ఈ యాత్రలోనే. సుయాబ్‌లో బౌద్ధాలయాల పునాదులు కూడా తవ్వకాల్లో బయటపడ్డాయి. దక్షిణాన ఓష్ ఊరి మధ్యలో సులైమాన్ తూ అనే రాతి కొండ ఉంది, 2009లో యునెస్కో జాబితాలో చేరింది. దాని మీద బాబర్ కుర్రతనంలో కట్టించుకున్నాడని చెప్పే చిన్న గది ఉంది. బాబర్ పుట్టిన అందిజాన్ అక్కడికి దగ్గరే, ఇప్పుడు సరిహద్దుకి అవతల ఉజ్బెకిస్తాన్‌లో ఉంది.

కిర్గిజ్‌ల అసలు గుండెకాయ మాత్రం రాళ్లలో, కోటల్లో దొరకదు. వాళ్లు సంచార జీవులు, గుర్రాల మీద బతికినవాళ్లు, కట్టడాలు కట్టలేదు. వాళ్లకున్నది మనాస్ అనే వీరగాథ. తరతరాలుగా నోటి మీద వచ్చిన కథ. సయాక్‌బాయ్ కరలాయెవ్ అనే గాయకుడు చెప్పగా రాసుకున్న పాఠం ఒక్కటే ఐదు లక్షల పాదాలు, మన మహాభారతం కన్నా రెట్టింపుకు మించి. దాన్ని పాడేవాళ్లని మనాస్చీ అంటారు, వాద్యం ఏమీ ఉండదు, ఒక్క గొంతే. విమానాశ్రయం పేరు మనాస్, వీధులకు మనాస్, విగ్రహాలు మనాస్. పాఠశాల పిల్లాడు కూడా నాలుగు ముక్కలు ఒప్పజెప్తాడు. అక్కడివాళ్ల దగ్గర ఈ పేరు ఎత్తి చూడండి, ముఖం విచ్చుకుంటుంది.

రష్యా సామ్రాజ్యం 19వ శతాబ్దంలో ఈ నేలని కలుపుకుంది. 1916లో జనాన్ని యుద్ధం పనులకి బలవంతంగా పట్టుకుపోతుంటే తిరుగుబాటు లేచింది. అణచివేతకు తట్టుకోలేక లక్షకు పైగా జనం కనుమలు దాటి చైనాకి పారిపోయారు, దారిలో చలికీ ఆకలికీ లెక్కలేనంతమంది పోయారు. స్తాలిన్ కాలం ఇంకో దెబ్బ. 1938లో కాల్చి చంపిన 130 మందికి పైగా మనుషుల్ని బిష్కెక్ దగ్గర ఒక ఇటుక బట్టీలో పూడ్చేశారు. ఆ రహస్యం తెలిసిన కాపలాదారు కూతురి ద్వారా అది 1991లో బయటికొచ్చింది. అందులో ఒకరు రచయిత చింగీజ్ ఐత్‌మాతొవ్ తండ్రి. విశాలాంధ్రలో సోవియట్ పుస్తకాలు కొని చదివిన మన పెద్దవాళ్లకి ఈ రచయిత పేరు కొత్త కాదు, ‘జమీల్యా’ తెలుగులో వచ్చింది. 2008లో ఆయన్ని కూడా అక్కడే, అతా బెయిత్ అనే ఆ స్మారక స్థలంలో సమాధి చేశారు. టూరిస్టు గుంపులు అంతగా వెళ్లవు. మీరు అమ్మాయిని దింపడానికి వెళ్తే ఒక పూట కేటాయించండి.

సోవియట్ కాలం చెడే కాదు, మంచీ చేసింది: దాదాపు అందరికీ చదువు, ఆడవాళ్లకి ఉద్యోగాలు, ఊరూరా ఆసుపత్రులు. ఆసుపత్రుల్లో డాక్టర్లు ఎక్కువమంది మహిళలే. ఇప్పుడు లేనిది పని. బంగారం ఉంది, కుమ్తోర్ గని సుమారు నాలుగు వేల మీటర్ల ఎత్తున హిమానీనదాల పక్కన నడుస్తుంది. కెనడా కంపెనీ చేతిలోంచి 2021లో ప్రభుత్వం తీసుకుంది. అయినా ఇంటింటికీ అన్నం పెట్టేది రష్యా నుంచి వచ్చే డబ్బే. మాస్కోలో కట్టడాల దగ్గర, టాక్సీల్లో, హోటళ్లలో లక్షల మంది కిర్గిజ్‌లు పనిచేస్తున్నారు. చాలా ఏళ్లపాటు వాళ్లు పంపిన డబ్బు జీడీపీలో నాలుగోవంతు చుట్టుపక్కల ఉంది. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో గల్ఫ్ వలస చూసినవాళ్లకి ఇది వివరించక్కర్లేదు: ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు మిగులుతారు. డబ్బు పేరు సోమ్. ఈ మధ్య ఒక సోమ్ ఇంచుమించు ఒక రూపాయితో సమానంగా నడుస్తోంది కాబట్టి బజారులో లెక్క కట్టుకోవడం తేలిక.

తిండి దగ్గర మాత్రం మనవాళ్లకి కష్టమే. మాంసం లేనిదే వాళ్లకి భోజనం కాదు: గొర్రె, గొడ్డు, గుర్రం. పెళ్లిళ్లకి బెష్‌బర్మాక్ అని ఉడికించిన మాంసం, నూడుల్స్ కలిపి పెడతారు. గుర్రపు పాలు పులియబెట్టిన కుమిస్ తాగమని బలవంతం చేస్తారు. నాకైతే ఎన్నిసార్లు ప్రయత్నించినా గొంతు దిగలేదు. శాకాహారులు సూప్ అడిగితే మాంసం ముక్కలు తీసేసి తెస్తారు, అందులో వాళ్లకి తప్పేమీ కనిపించదు. కానీ తందూరులో కాల్చిన వేడి రొట్టె అద్భుతం. ఉజ్గెన్ అనే ఊళ్లో పండే ఎర్ర బియ్యంతో చేసే పలావు తిన్నాక బిర్యానీ మీద బెంగ కాస్త తగ్గుతుంది. వేసవిలో నేరేడంత చెర్రీలు, ఆప్రికాట్లు, అర్‌స్లాన్‌బోబ్ అడవుల అక్రోట్లు చవక. విద్యార్థులు ఉండే పేటల్లో మనవాళ్ల మెస్‌లు ఉన్నాయి, పప్పు, పచ్చడి దొరుకుతాయి. చింతపండు, కారం మాత్రం ఇంటినుంచి పట్టుకెళ్లడమే.

సెలవుల్లో పిల్లలందరూ పరిగెత్తేది ఇస్సిక్ కుల్‌కి. 1,600 మీటర్ల ఎత్తున, 180 కిలోమీటర్ల పొడవున్న సరస్సు. చుట్టూ మంచు కొండలున్నా నీళ్లు కాస్త ఉప్పగా, బాగా లోతుగా ఉండటంతో చలికాలంలో గడ్డకట్టదు. సోవియట్ నేవీ టార్పెడోలని పరీక్షించింది ఇక్కడేనంటే సముద్రం లేని దేశంలో ఇదేం వింత అనిపిస్తుంది. జూన్ నుంచి ఆగస్టు వరకు సోంగ్ కుల్ లాంటి ఎత్తయిన పచ్చిక మైదానాల్లో గొర్రెలకాపరులు గుండ్రటి ఉన్ని గుడారాలు వేసుకుంటారు, అందులో రాత్రి ఉండనిస్తారు. ఆ గుడారం పైకప్పు మధ్యనుండే చెక్క చట్రమే వాళ్ల జెండా మీద సూర్యుడి మధ్యలో ఉన్న గుర్తు. కొండల్లోకి వెళ్తే మాత్రం గైడుతోనే వెళ్లాలి. 2024 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ విద్యార్థి ఒకరు గడ్డకట్టిన జలపాతం దగ్గర చిక్కుకుని చనిపోయాడు. మన పిల్లలకి మంచు ఎంత మోసం చేస్తుందో తెలియదు.

భద్రత గురించి దాచకుండా చెప్తాను. 2024 మే 13న బిష్కెక్‌లో స్థానికులకీ విదేశీ విద్యార్థులకీ గొడవ జరిగింది. ఆ వీడియో వ్యాపించి, మే 17 రాత్రి గుంపులు విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద పడ్డాయి. పాకిస్తానీ విద్యార్థులు ఎక్కువగా దెబ్బలు తిన్నారు, మనవాళ్లని గదుల్లోంచి బయటికి రావద్దని భారత రాయబార కార్యాలయం చెప్పాల్సి వచ్చింది. కొద్ది రోజుల్లో సద్దుమణిగింది. మామూలు రోజుల్లో ఊరు ప్రశాంతమే, పెద్దవాళ్లు మర్యాదస్తులు. బస్సులో ముసలివాళ్లకి లేచి సీటు ఇవ్వకపోతే మాత్రం ఊరుకోరు. కానీ దక్షిణాసియా నుంచి వచ్చే పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ కొంతమంది కుర్రాళ్లలో విసుగు పెరిగింది, అది ఒక్క రాత్రితో పోయేది కాదు. అర్ధరాత్రి బయట గుంపులుగా తిరగడం, పార్టీల్లో గట్టిగా పాటలు పెట్టడం మానుకుంటే సగం సమస్య తగ్గుతుంది.

అమ్మాయి కాబట్టి ఇంకో విషయం కూడా చెప్పాలి. అలా కచూ అని, అమ్మాయిని ఎత్తుకెళ్లి పెళ్లి చేసుకునే దురాచారం అక్కడ ఇంకా పూర్తిగా పోలేదు. 2013లో శిక్షలు బాగా పెంచారు, అయినా ఊళ్లలో జరుగుతూనే ఉంది, దాని మీద అక్కడి ఆడవాళ్లే వీధుల్లోకి వచ్చి పోరాడుతున్నారు. ఇది వాళ్ల సమాజం లోపలి జబ్బు, విదేశీ విద్యార్థినుల మీద జరిగినట్టు నేనున్నప్పుడు వినలేదు. అయినా తెలియకుండా వెళ్లడం కన్నా తెలిసి వెళ్లడం నయం.

కాలేజీ సంగతి మీరు అడగలేదు, అయినా ఒక్కటి. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరు నిబంధనల ప్రకారం చదువు కనీసం 54 నెలలు ఉండాలి, ఆపైన అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, బోధన ఇంగ్లిష్‌లో, ఆ దేశంలో ప్రాక్టీసు చేసేందుకు అర్హత వచ్చే పట్టా అయ్యుండాలి. నీట్ అర్హత లేకుండా వెళ్తే తిరిగొచ్చాక దారే ఉండదు. చదువు గురించి చెప్పిన ఆ నాలుగు షరతులూ కాగితం మీద రాసిమ్మని ఏజెంటుని అడగండి. తరగతులు ఇంగ్లిష్‌లో జరిగినా వార్డులో పేషెంటు మాట్లాడేది రష్యన్, కిర్గిజ్. మొదటి ఏడాదే రష్యన్ మీద కూర్చోని పిల్లలు మూడో ఏడాది మంచం పక్కన బొమ్మల్లా నిలబడతారు. సిరిలిక్ అక్షరాలు ఇక్కడే రెండు వారాల్లో నేర్చుకోవచ్చు, టికెట్ తీసేలోపే మొదలుపెట్టించండి.

ఇంకా పెట్టె సర్దే విషయం. చలి కోట్లు, బూట్లు హైదరాబాద్‌లో కొనకండి. ఇక్కడ దొరికేవి మంచులో జారతాయి, రెట్టింపు ధర కూడా. బిష్కెక్ శివార్లలో దొర్దోయ్ అని షిప్పింగ్ కంటైనర్లు ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన పెద్ద బజారు ఉంది, అక్కడ బేరమాడి కొనుక్కోవచ్చు. బజారుకి వెళ్లేటప్పుడు సీనియర్ ఒకరిని తోడు తీసుకెళ్లమనండి, పాస్‌పోర్టు నకలు దగ్గరుంచుకుని అసలుది గదిలో తాళం వేసి పెట్టమనండి. చేరిన వారంలోనే భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించండి.